39 అంటే తక్కువ జ్వరం కాదు
వేడికి ఉన్న రెండు కొలతలు – ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన కొన్ని అంకెలు

వేసవికాలంలో వార్తల్లో "రాజమండ్రిలో 43 డిగ్రీలు" అని వింటాం. అదే రోజు ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు కాలిపోతుంటే థర్మామీటరు పెట్టి "103 డిగ్రీలు ఉంది" అంటాం. ఊరు ఊరంతా మండిపోతుంటే 43 ఏమిటి? పిల్లవాడి ఒంట్లో 103 ఏమిటి? పిల్లవాడు ఎండ కంటే రెండింతలకు పైగా వేడిగా ఉన్నాడా?

కాదు. ఆ రెండూ వేరు వేరు కొలతలు. వాతావరణాన్ని మనం సెల్సియస్‌లో చెప్పుకుంటాం. దీన్నే సెంటీగ్రేడు అని కూడా అంటారు. జ్వరాన్ని మాత్రం ఫారన్‌హీట్‌లో చెప్పుకోవడం మనకు అలవాటు. 103 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే 39.4 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. 43 డిగ్రీల సెల్సియస్ ఎండ అంటే 109.4 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే ఆ రోజు బయటి గాలి జ్వరంతో ఉన్న పిల్లవాడి ఒంటి కంటే కూడా వేడిగా ఉందన్నమాట.

ఈ తేడా తెలియకపోతే ప్రమాదం జరగవచ్చు. మందుల షాపులో కొన్న డిజిటల్ థర్మామీటరు సెల్సియస్‌లో చూపించేది కావచ్చు. దాని మీద 39.5 అని వస్తే, "98 దాటితే కదా జ్వరం, ఇది ముప్ఫై తొమ్మిదే" అనుకుని ఊరుకునే అవకాశం ఉంది. నిజానికి అది 103 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం. అందుకే అంకె ఒక్కటే చూడకూడదు. దాని పక్కన 'సి' అనే ఇంగ్లీషు అక్షరం ఉందో, 'ఎఫ్' అనే అక్షరం ఉందో కూడా చూడాలి.

రెండు కొలతలు ఎలా వచ్చాయి?

ఏ కొలతకైనా మారని గుర్తులు కావాలి. వేడి విషయంలో అటువంటి గుర్తులు పదార్థాల్లోనే ఉన్నాయి. స్వచ్ఛమైన మంచు ఎప్పుడూ ఒకే వేడి దగ్గర కరుగుతుంది. దాన్ని కరుగు స్థానం అంటారు. నీరు సముద్రమట్టం దగ్గర ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మరుగుతుంది. దాన్ని మరుగు స్థానం అంటారు.

పాదరసం థర్మామీటరును 1714లో తయారుచేసినవాడు డేనియల్ గాబ్రియేల్ ఫారన్‌హీట్. 1724లో ఆయన తన కొలతను ప్రకటించాడు. నేడు వాడే ఫారన్‌హీట్ కొలతలో మంచు కరిగేది 32 దగ్గర, నీరు మరిగేది 212 దగ్గర. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో ఈ రెండు గుర్తుల మధ్య దూరాన్ని సరిగ్గా 100 భాగాలు చేశాడు. విచిత్రమేమంటే, ఆయన మొదట నీరు మరిగేదాన్ని 0 అనీ, మంచు కరిగేదాన్ని 100 అనీ పెట్టాడు. ఆయన 1744లో చనిపోయాక దాన్ని తిరగవేసి, ఇప్పుడు మనం వాడే పద్ధతికి మార్చారు.

జర్మనీ వైద్యుడు కార్ల్ వుండర్‌లిచ్ వేలాది రోగుల ఉష్ణోగ్రతలు కొలిచి, 1868లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆరోగ్యవంతుడి వేడి 37 డిగ్రీల సెల్సియస్, అంటే 98.6 ఫారన్‌హీట్ అన్న మాట ఆయన నుంచే స్థిరపడింది. అయితే అందరికీ అదే అంకె ఉండదు. ఉదయం కొంచెం తక్కువగా, సాయంత్రం కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఒకరికీ ఇంకొకరికీ కూడా తేడా ఉంటుంది.

సులువైన లెక్క

సెల్సియస్ అంకెను ఫారన్‌హీట్‌కు మార్చాలంటే: ఆ అంకెను రెట్టింపు చేయండి. వచ్చిన దానిలో పదోవంతు తీసివేయండి. దానికి 32 కలపండి.

ఉదాహరణ: 40 డిగ్రీల సెల్సియస్. రెట్టింపు 80. పదోవంతు 8 తీసేస్తే 72. 32 కలిపితే 104.

లెక్క కష్టమనిపిస్తే ఈ ఐదు జతలు కంఠస్థం చేసినా చాలు (మొదటిది సెల్సియస్, రెండవది ఫారన్‌హీట్):

37 – 98.6 (మామూలు)
38 – 100.4 (జ్వరం)
39 – 102.2 (ఎక్కువ జ్వరం)
40 – 104 (తీవ్ర జ్వరం)
41 – 105.8 (చాలా ప్రమాదకరం, ఆలస్యం చేయరాదు)

జ్వరం చూసే పద్ధతి

పెద్దవారికి నాలుక కింద, చిన్నపిల్లలకు చంకలో పెట్టడం మంచిది. చంకలో పెట్టేటప్పుడు చెమట తుడిచి, చెయ్యి ఒంటికి ఆనించి ఉంచాలి. డిజిటల్ థర్మామీటరైతే బీప్ శబ్దం వచ్చేవరకు ఆగాలి. చంకలో వచ్చే అంకె నోట్లో కంటే సుమారు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ తక్కువగా ఉంటుంది. వేడి కాఫీ, చల్లని నీళ్ళు తాగిన వెంటనే నోట్లో పెట్టకండి. ఒక పావుగంట ఆగండి. డాక్టరుగారికి చెప్పేటప్పుడు అంకె, కొలత పేరు, ఎక్కడ పెట్టారు, ఎన్ని గంటలకు చూశారు అన్నవి నాలుగూ చెప్పండి. వీలైతే ఒక కాగితం మీద రాసి తీసుకురండి.

మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. ఏ వయసువారికైనా ఫిట్స్ వచ్చినా, మెడ బిగుసుకుపోయినా, ఆయాసం ఉన్నా, మగతగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, ఒంటి మీద ఎర్రని మచ్చలు గానీ రక్తస్రావం గానీ కనిపించినా, అంకె ఎంత ఉందని చూడకుండా రండి. రెండు మూడు రోజులు దాటిన జ్వరానికి రక్తపరీక్ష అవసరం. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్‌లలో ఏదన్నది థర్మామీటరు చెప్పలేదు.

చెమట ఆరితేనే చలవ

నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గానీ, ఆరిపోవడానికి అంత వేడి అక్కరలేదు. తీగ మీద ఆరేసిన బట్ట మరగకుండానే ఆరుతుంది కదా! అలా ఆరేటప్పుడు నీరు చుట్టూ ఉన్న వేడిని లాక్కుపోతుంది. ఎంత వేడి? ఒక లీటరు నీటిని 30 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు కాచడానికి ఎంత వేడి కావాలో, ఒక లీటరు చెమట ఆరినప్పుడు సుమారు దానికి ఎనిమిది రెట్ల వేడి మన ఒంట్లోనుంచి పోతుంది. దేవుడు మన శరీరంలోనే పెట్టిన కూలర్ ఇది.

గాలి ఒంటి కంటే వేడిగా ఉన్న రోజున మనల్ని కాపాడేది ఈ చెమట ఒక్కటే. అయితే గోదావరి డెల్టాలో కాలవలు, వరి చేలు, చెరువులు, పక్కనే సముద్రం. గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. దాన్నే ఉక్కపోత అంటున్నాం. అందువల్ల పొడి ప్రాంతంలో 42 డిగ్రీల కంటే ఇక్కడ 40 డిగ్రీలే ఎక్కువ బాధించవచ్చు. 2003లోనూ, 2015లోనూ వడగాలులకు తెలుగునాట ప్రతిసారీ వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు.

జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో మన మెదడే ఒంటి వేడిని పెంచుతుంది. దానికి పారాసిటమాల్ పనిచేస్తుంది. వడదెబ్బలో ఒళ్ళు వేడిని బయటకు పంపలేక ఓడిపోతుంది. దానికి పారాసిటమాల్ పనిచేయదు. ఎండలో తిరిగిన మనిషికి ఒళ్ళు 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారన్‌హీట్) దాటి, మాట తడబడినా, సంధిగా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బ అని అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా ఊరికే కూర్చోకండి. నీడకు చేర్చండి. బట్టలు వదులు చేయండి. ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరండి. చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. పొడి ఒంటి మీద ఫ్యాను ఒక్కటే పెడితే వేడిగాలే తగులుతుంది. స్పృహలేనివారి నోట్లో నీళ్ళు, మజ్జిగ, ఏదీ పోయకండి.

మామూలు జ్వరానికి ఐసు నీళ్ళు వద్దు. వణుకు పుట్టి వేడి ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని నీటితో తుడిస్తే చాలు. స్పిరిట్‌తో తుడవడం అసలే వద్దు. స్పిరిట్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కనుక నీటి కంటే తొందరగా ఆరిపోయి చల్లగా అనిపిస్తుంది. కానీ దాని ఆవిరి పసివాళ్ళ ఊపిరిలోకి, చర్మంలోకి పోయి విషమవుతుంది.

కాచిన నీరు: ఏది చేయగలదు, ఏది చేయలేదు

1986, 2006, 2022 సంవత్సరాల్లో గోదావరి వరదలు వచ్చినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటి సమయంలో కలరా, టైఫాయిడ్, విరేచనాలు, కామెర్లు వ్యాపించకుండా ఉండాలంటే నీళ్ళు కాచి తాగమంటారు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచితేనే రోగాలు తెచ్చే చాలా క్రిములు చస్తాయి. పాల కర్మాగారాల్లో చేసే పని అదే. మరి 100 వరకు ఎందుకు? ఇంట్లో 72 అయిందో లేదో మనకు తెలియదు. నీళ్ళు తెర్లడం మాత్రం కంటికి కనిపిస్తుంది. థర్మామీటరు లేని ఇంట్లో అదే థర్మామీటరు.

నీళ్ళు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే సరిపోతుంది. ఆ తర్వాత మంట ఎంత పెంచినా నీటి వేడి 100 దాటదు. గ్యాసు, కట్టెలు దండగ. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి. చెయ్యి ముంచకుండా, పిడి ఉన్న గరిటెతో తీసుకోవాలి.

అయితే కాచినంత మాత్రాన ఉప్పు పోదు. తీరప్రాంతంలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఉప్పు కరగడానికే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. కనుక 100 దగ్గర నీరు ఆవిరై పోతుంది, ఉప్పు గిన్నెలోనే మిగిలిపోతుంది. అంటే కాచేకొద్దీ నీరు ఇంకా ఉప్పనవుతుంది. నీటిలో కలిసిన ఫ్లోరైడ్ వంటివి కూడా అంతే. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

అలాగే 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. నిద్రపోతాయంతే. చేపలు, రొయ్యల నిల్వ కోసం తయారుచేసిన ఐసును షర్బత్తులో, చెరుకురసంలో వేసుకోవడం రోగాన్ని కొనుక్కోవడమే.

ఇంకొక మాట. నీళ్ళలో మరిగించిన సూదులు, బ్లేడులు ఆపరేషన్‌కు పనికిరావు. ధనుర్వాతం కలిగించే క్రిమి గింజలు 100 డిగ్రీల నీటిలో కూడా బతికి ఉండగలవు. అందుకే ఆసుపత్రుల్లో ఆటోక్లేవ్ అనే యంత్రం వాడతారు. ప్రెషర్ కుక్కరు లాగానే అందులో ఆవిరి బయటకు పోకుండా ఒత్తిడి పెంచితే నీరు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఆ వేడిలో అవి కూడా చస్తాయి. ఇంటి దగ్గర కాన్పు చేసి, కాచిన బ్లేడుతో బొడ్డు కోయించడం ఎందుకు వద్దంటామో దీన్నిబట్టి గ్రహించండి.

పాకం, నూనె, ఆవిరి

సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు మన ఆడవాళ్ళు పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, చుక్క పాకం వేసి, ఉండ కట్టిందో లేదో చూస్తారు. ఇది కూడా ఒక విధంగా వేడిని కొలవడమే. నీరు ఇగిరి బెల్లం చిక్కబడేకొద్దీ పాకం మరుగు స్థానం పెరుగుతుంది. ఉండపాకం వచ్చేసరికి అది సుమారు 115 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మరిగే నీటి కంటే ఎక్కువ వేడి, పైగా చర్మానికి అంటుకుని వదలదు. అందువల్ల పాకం కాలితే గాయం లోతుగా ఉంటుంది.

గారెలు వేసే నూనె సుమారు 180 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బూరెలు వేసినప్పుడు వచ్చే బుడగలు నూనె మరగడం కాదు, పిండిలోని నీరు ఆవిరై బయటకు రావడం. నూనె మూకుడుకు మంట అంటుకుంటే నీళ్ళు పోయకండి. 100 దగ్గర మరిగే నీరు ఆ నూనెలో పడగానే ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను ఒంటి మీదకు చిమ్ముతుంది. స్టవ్ ఆపి, మూకుడు మీద మూత పెట్టండి.

జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ళ గిన్నెను పిల్లల ముందు పెట్టి దుప్పటి కప్పవద్దు. గిన్నె ఒరిగితే తొడలు, పొట్ట కాలిపోతాయి.

ఏ విధంగా కాలినా మొదటి వైద్యం ఒక్కటే. కాలిన చోట కుళాయి నీళ్ళు ధారగా 20 నిమిషాలు పోయండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయండి. ఐసు, సిరా, పేస్టు, పసుపు, కోడిగుడ్డు సొన ఏదీ పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకురండి.

కరిగే మందులు, పాడయ్యే మందులు

కోనసీమలో అందరికీ తెలిసిన విషయం: చలికాలం తెల్లవారుజామున కొబ్బరినూనె పేరుకుంటుంది, ఎండ రాగానే కరుగుతుంది. దాని కరుగు స్థానం సుమారు 24 డిగ్రీల సెల్సియస్. పేరుకున్నంత మాత్రాన నూనె పాడవదు, కల్తీ అని కూడా అర్థం కాదు.

మలద్వారంలో పెట్టే జ్వరం మందు బిళ్ళలు (సపోజిటరీలు) కూడా ఇటువంటివే. ఒంటి వేడికి లోపల కరిగేలా తయారుచేస్తారు. మే నెలలో చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో వెళితే దారిలోనే కరిగిపోతాయి. వాటిని చల్లని చోట ఉంచండి. మెత్తబడితే కవరుతోనే కొంచెంసేపు చల్లటి నీళ్ళలో ఉంచి వాడండి.

ఇన్సులిన్ సంగతి వేరు. అది కొబ్బరినూనె లాంటిది కాదు, గుడ్డు లాంటిది. ఉడికిన గుడ్డు చల్లార్చినా తిరిగి పచ్చిది కాదు కదా! అలాగే ఎక్కువ వేడికి గానీ, గడ్డకట్టే చలికి గానీ గురైన ఇన్సులిన్ మళ్ళీ బాగుపడదు. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. అంటే ఫ్రిజ్ తలుపు అరలో గానీ మధ్య అరలో గానీ ఉంచండి. ఐసు గదిలో మాత్రం పెట్టవద్దు. ఫ్రిజ్ లేనివారు సీసాను నీళ్ళు చొరబడని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచండి. కుండ నీరు ఆరుతూ, చెమట లాగానే, లోపల చల్లబరుస్తుంది. ఇన్సులిన్‌లో ఉండలు కనిపించినా, తేటగా ఉండవలసినది మసకబారినా వాడకండి.

పాదరసం థర్మామీటరు పగిలితే

పాదరసం మైనస్ 39 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు, 357 డిగ్రీల వరకు మరగదు. ఈ రెంటి మధ్యా సమానంగా వ్యాకోచిస్తుంది. అందుకే సుమారు మూడు వందల ఏళ్ళు థర్మామీటర్లలో దానికి సాటి లేకపోయింది. కానీ చెమట లాగే అది కూడా మరగకుండానే కొద్దికొద్దిగా గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి మెదడుకు, మూత్రపిండాలకు విషం. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. కొత్తగా కొనేవారు డిజిటల్‌దే కొనండి.

ఇంట్లో ఉన్న పాతది పగిలితే: పిల్లలను బయటకు పంపండి. కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపండి. చేతికున్న బంగారం తీసేయండి, పాదరసం బంగారాన్ని పాడుచేస్తుంది. చీపురుతో ఊడవకండి, ఊడిస్తే చిన్న చిన్న చుక్కలై ఇల్లంతా చెదిరిపోతుంది. రెండు అట్టముక్కలతో దగ్గరకు తోసి, మూత ఉన్న సీసాలోకి ఎత్తి ఆసుపత్రికి అప్పగించండి. కాలవలో, పొయ్యిలో పారవేయవద్దు.

గుర్తుంచుకోండి (మొదటిది సెల్సియస్, రెండవది ఫారన్‌హీట్)

మంచు కరిగేది: 0 – 32
ఇన్సులిన్ నిల్వ: 2 నుంచి 8 – 36 నుంచి 46
కొబ్బరినూనె కరిగేది: సుమారు 24 – 75
మామూలు ఒంటి వేడి: 37 – 98.6
జ్వరం మొదలు: 38 – 100.4
స్పిరిట్ మరిగేది: 78 – 173
నీరు మరిగేది: 100 – 212
అరిసెల పాకం: సుమారు 115 – 239
ఆటోక్లేవ్: 121 – 250
వేపుడు నూనె: సుమారు 180 – 356

ఈ పట్టికను కత్తిరించి వంటింటి గోడకు గానీ, మందుల పెట్టె మూతకు గానీ అంటించుకోండి. ఈరోజే ఇంటికి వెళ్ళగానే మీ థర్మామీటరు తీసి, దాని మీద ఉన్న అక్షరం ఏదో చూడండి. ఇంట్లో ఉండే తాతయ్యకు, అమ్మమ్మకు, జ్వరం చూసేవారెవరైనా సరే వారికి కూడా చూపించండి. అర్ధరాత్రి బిడ్డ ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఆ అక్షరం వెతుక్కునే పని ఉండకూడదు.